రికార్డు ప్రకారం లోవరాజు ఒక్కడే

అడిగర్ల లోవరాజు జన్మలో అప్పు చేసి ఎరగడు. చింతలోవలో ఈ సంగతి తెలియని వాళ్లు లేరు, ఎందుకంటే అతనే అందరికీ చెప్పాడు. ఊళ్లో పెళ్లయినా, ఓణీల ఫంక్షనయినా, పోలియో చుక్కల ప్రకటనయినా మైకు కట్టేది అతనే కాబట్టి, అతను చెప్పదలుచుకున్నది ఊరు వినక తప్పదు.

అందుకని సర్వహిత బ్యాంకు మేనేజరు విశ్వంభరం గారు కంప్యూటరు తెరలోకి తొంగి చూసి, "మీ రుణచరిత్ర పన్నెండు పేజీలున్నదండీ" అన్నప్పుడు, మొట్టమొదటి అప్పు అడగడానికొచ్చిన లోవరాజు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"నాదేనాండి?"

"అడిగర్ల లోవరాజు, చింతలోవ గ్రామం, జనన తేదీ ఒకటి ఏడు డెబ్భై తొమ్మిది. తమరే కదా?"

"ఆయ్, నేనేనండి."

"ఒక ట్రాక్టరు. అందులో నాలుగు వాయిదాలు బకాయి. ఇరవయ్యొక్క మేకలు. ఒక డాబా ఇల్లు. ఒక మోటారు సైకిలు. స్కోరు నాలుగు వందల పన్నెండు." విశ్వంభరం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బ్యాంకు గడప తొక్కడానికి కనీస అర్హత ఏడు వందల యాభై. తమరు ఇప్పటికే లోపలికి వచ్చేశారు గనక ఏమీ అనడం లేదు."

"అయ్ బాబోయ్! నాకున్నయ్యి రెండు రేకు బాకాలు, ఒక ఆంప్లిఫయరు, ఒక సైకిలండి."

"ఆ సైకిలే మోటారు సైకిలు అయి ఉండవచ్చు."

"ఇరవయ్యొక్క మేకలుంటే మా ఆవిడ నన్నింట్లో ఉండనిస్తదాండి?"

"అది కుటుంబ వ్యవహారం. బ్యాంకు జోక్యం చేసుకోదు."

లోవరాజుకి అప్పటికి గాని విషయం అర్థం కాలేదు. ఆ మేకలు మేకల లోవరాజువి. ట్రాక్టరు ట్రాక్టరు లోవరాజుది. డాబా డాబా లోవరాజుది. మోటారు సైకిలు పొడుగు లోవరాజుది, అది చింతలోవలో చంటిపిల్లలకి కూడా తెలుసు.

ఇంతమంది లోవరాజులు ఎక్కణ్నుంచి వచ్చారని మీరడగొచ్చు. తునికి దగ్గర్లో లోవలో వెలిసిన తలుపులమ్మ తల్లికి మొక్కుకుని కన్న మగపిల్లాడికి లోవరాజనీ, ఆడపిల్లకి లోవకుమారి అనీ పేరు పెట్టడం ఆ చుట్టుపక్కల రివాజు. చింతలోవలో అడిగర్ల వారి వీధిలో ఒక ఏడాది మొక్కులన్నీ ఒక్కసారే ఫలించాయి. ఐదిళ్లలో ఐదుగురు మగపిల్లలు పుట్టారు. ఐదేళ్లకి ఐదుగురినీ బళ్లో వెయ్యడానికి తల్లులు తీసుకొచ్చారు. హెడ్మాస్టరు సోమేశ్వర్రావు గారు ఒక్కొక్కరినీ పుట్టిన తేదీ అడిగారు. ఒకావిడ "పెసలు పీకే రోజులండి" అంది. ఒకావిడ "మామిళ్లు పూత మీదున్నాయండి" అంది. ఒకావిడ "మా అత్త చెవికి చీము పట్టినప్పుడండి" అంది. మాస్టారు మంచివారు, ఎవరినీ నొప్పించరు. సెలవులయ్యాక బడి కుదురుకునేది జులైలో కాబట్టి ఐదుగురికీ జులై ఒకటో తారీకు రాసి, ఏడాదీ ఒకటే వేసి, టీ తాగడానికి వెళ్లిపోయారు. ఆయన చేతి మీదుగా చదువుకున్న నాలుగు వందల మంది ఇప్పటికీ జులై ఒకటినే పుట్టి ఉన్నారు.

ఊరికి దీనితో ఏ ఇబ్బందీ రాలేదు. పేరు ముందు మేకలో, మైకో, పొడుగో తగిలిస్తే మనిషి తేలిపోతాడు. కాని దేశంలో అందరి అప్పుల చిట్టా రాసి బ్యాంకులకి చూపించే జాతీయ పరపతి దర్పణ సంస్థ వారి కంప్యూటర్లో మేకలు తగిలించే గడి లేదు. పేరూ, ఇంటిపేరూ, ఊరూ, పుట్టిన తేదీ కలిస్తే మనిషి ఒకడేనని దాని నమ్మకం.

"మరిప్పుడేటి చెయ్యాలండి?" అన్నాడు లోవరాజు.

"అభ్యంతరం దాఖలు చేయవలెను. నివేదికలో దోషమున్నచో సవరించుకొను హక్కు ప్రతి పౌరునకూ కలదు," అని విశ్వంభరం గారు గోడ మీద అట్ట చదివినట్టు చెప్పారు. అది నిజంగానే గోడ మీద ఉంది. "వచ్చిన ప్రతి ఉత్తరమూ భద్రపరచండి. ఒకసారి మళ్లీ చూద్దాం..." అంటూ మీట నొక్కారు. "అయ్యో, మూడు వందల తొంభై ఎనిమిది అయ్యింది."

"ఎందుకండీ?"

"నేను చూశాను కదా. బ్యాంకు చూసినప్పుడల్లా కొంచెం తగ్గుతుంది."

"చూడకండి బాబూ! దణ్ణం పెడతాను, చూడకండి!"

లోవరాజుకి ఈ అప్పు సరదా కోసం కాదు. పోయిన మాఘంలో ఊళ్లో తొమ్మిది పెళ్లిళ్లయితే అతని మైకు మోగింది రెండింటికే. మిగిలిన ఏడూ తుని నుంచి డీజే చక్రి పట్టుకుపోయాడు. మనిషంత ఎత్తు నల్ల బాక్సులు, రంగురంగుల లైట్లు, గుండెలదిరే మోత. సర్పంచి సూర్యారావు గారు మొహమాటపడుతూనే చెప్పేశారు: "ఒరే లోవరాజూ, వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి. నీకే ఇద్దామనుంది. కాని ఆ రేకు బాకాలతో ఒద్దురా, పెళ్లికొడుకు వాళ్లు నవ్విపోతారు. కొత్త బాక్సులు కొను, పెళ్లి నీదే." అదే వారం చక్రి కూడా ఫోను చేశాడు. "బాబాయ్, నా దగ్గరికొచ్చేయ్. వైర్లు లాగుదువుగాని, రోజుకింతని ఇస్తాను." పాతికేళ్లు మైకు పట్టుకున్న చేత్తో ఇంకొకడి వైర్లు లాగాలా? ఆ మాట తల్చుకుంటేనే లోవరాజుకి అన్నం సయించలేదు. మాఘానికి కొత్త బాక్సులు, లేదా చక్రి వైర్లు. అతని ముందున్నవి ఆ రెండే దారులు.

నెట్ సెంటర్లో అభ్యంతరం దాఖలు చేశాడు. ఫారంలో రాసుకోవడానికి ఒక్క గీత చోటిచ్చారు. అందులో "మేకలు నావి కావు. ట్రాక్టరు కాదు. డాబా అసలే కాదు" అని పట్టించాడు. మోటారు సైకిలుకి చోటు చాలలేదు.

సరిగ్గా ముప్ఫయ్యో రోజున ఉత్తరం వచ్చింది. లోవరాజు భార్య నూకరత్నం ఆరో తరగతి దాకా చదివింది, అది కూడా శ్రద్ధగా చదివింది. అరుగు మీద కూచుని పైకి చదివింది.

"తమ అభ్యంతరం అందిన వెంటనే మా ప్రతినిధి తమతో దూరవాణిలో సంభాషించడమైనది. ట్రాక్టరు రుణము తామే తీసుకున్నట్లు తాము స్వచ్ఛందముగానూ, సంతోషముగానూ అంగీకరించిరి. కావున తమ అభ్యంతరము తమ అంగీకారము మేరకు త్రోసిపుచ్చడమైనది."

"ఏటి మావా, సంతోషంగా ఒప్పుకున్నావా?"

"నాకసలు ఫోనే రాలేదే!"

ఎదురింటి ట్రాక్టరు లోవరాజు చక్రానికి గాలి కొడుతూ తలెత్తాడు. "ఒరే, అది నాకొచ్చిందిరా. 'అడిగర్ల లోవరాజు గారేనా' అంది ఆ అమ్మాయి. ఆయ్, అన్నాను. 'ట్రాక్టరుకి లోను తీసుకున్నారా' అంది. తీసుకున్నానన్నాను. అబద్ధమాడమంటావేటి?"

"సంతోషంగా ఎందుకు చెప్పావురా?"

"బాగా మాట్లాడిందిరా ఆ పిల్ల. భోజనం చేశారా అని కూడా అడిగింది."

దర్పణం వాళ్ల కాగితాల్లో ఉన్న ఫోను నంబరు ట్రాక్టరు లోవరాజుది. అందరికంటే ఆఖర్న నంబరు మార్చింది అతనే కాబట్టి ఐదుగురికీ అదే నంబరు ఖాయమయింది.

ఇలా లాభం లేదని ఐదుగురూ బయల్దేరి పట్నంలో ఉన్న దర్పణం ఆఫీసుకి వెళ్లారు. ఐదుగుర్నీ పక్కపక్కన నిలబెడితే గుడ్డివాడైనా ఒప్పుకుంటాడని మైకు లోవరాజు ధీమా. పొడుగు లోవరాజు ఆరడుగుల రెండంగుళాలు. మేకల లోవరాజు అతని మోచేతి దాకా వస్తాడు. డాబా లోవరాజుకి బట్టతల. అభ్యంతర పరిష్కారాధికారిణి హైమవతి గారి గదిలో అర్జీదారుకి ఒకటే కుర్చీ ఉంది.

"లోవరాజు గారు కూర్చోవచ్చు," అన్నారావిడ. ఐదుగురూ కదిలారు. "మిగిలిన లోవరాజు గారు బయట ఉండవచ్చు."

"మేం ఐదుగురవండి," అన్నాడు మైకు లోవరాజు. "చూడండి, మీ కళ్లెదురుగానే ఉన్నాం."

హైమవతి గారు చూశారు. చాలాసేపు, చాలా న్యాయంగా చూశారు. "భౌతికముగా ఐదుగురు. కాదనను. రికార్డు ప్రకారం ఒకరు. మా సంస్థ భౌతిక విషయాలలో జోక్యం చేసుకోదు."

"పాన్ కార్డులున్నాయండి! ఐదింటికీ ఐదు నంబర్లు!"

ఆవిడ ముఖం గంభీరమైంది. ఐదు కార్డులూ బల్ల మీద పేకముక్కల్లా పరుచుకున్నారు. "ఒకే వ్యక్తి ఐదు కార్డులు కలిగి ఉండుట. ఇది చాలా తీవ్రమైన విషయమండీ లోవరాజు గారూ. పైన తెలిస్తే..."

ఐదు చేతులు ఒక్కసారి చాచి ఎవరి కార్డు వాళ్లు లాక్కున్నాయి. మేకల లోవరాజు అప్పటికే గుమ్మం దాటాడు.

హైమవతి గారు జాలిపడ్డారు. నిజంగానే పడ్డారు. సొరుగులోంచి రంగుల కరపత్రం ఒకటి తీసి మైకు లోవరాజు చేతిలో పెట్టారు. "విచారించకండి. చెడిన పరపతికి మరమ్మత్తు ఉంది. వాయిదాలు సకాలంలో చెల్లించండి. బకాయిలు తీర్చండి. క్రమశిక్షణతో మెలగండి. తమంతట తాము మారాలి లోవరాజు గారూ. తమలోని ఒక భాగం శ్రద్ధగా ఇల్లు కడుతుంటే ఇంకో భాగం ట్రాక్టరు బకాయి పెడితే ఎలా చెప్పండి?"

బస్సులో ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ట్రాక్టరు లోవరాజు కిటికీ వైపు తిరిగి కూచున్నాడు, అతనికి సిగ్గేసింది. చెరుకు ఫ్యాక్టరీ మూతపడ్డాక అతని బండికి కిరాయిల్లేవు. ఎగ్గొట్టాలని కాదు, ఎక్కణ్నుంచి తెచ్చి కడతాడు?

ఇంటికొచ్చాక లోవరాజు ఆ కరపత్రం గిరాటేశాడు. "ఇంకేటుంది రత్నం. చక్రి గాడికి ఫోను చేసేస్తాను. వైర్లు లాగుతాను. పాతికేళ్ల మైకు బతుకు ఇంతటితో సరి." గొంతు బొంగురుపోయింది. ఊరంతా వినే గొంతు అలా పోవడం నూకరత్నం ఎప్పుడూ చూడలేదు.

ఆవిడ కరపత్రం తీసి, దుమ్ము దులిపి, మొదట్నుంచీ చివరిదాకా చదివింది. "ఐదుగురూ ఒకడే అంటన్నారు కదా?"

"అంటన్నారు."

"అయితే ఒకడి లాగే ఉండండి. ఏటి నష్టం?"

"అంటే?"

"నీ చెయ్యి ఖాళీగా ఉండి నీ కాలికి ముల్లు గుచ్చుకుంటే నీ చెయ్యే కదా తీస్తది? ట్రాక్టరు నీ కాలనుకో."

మర్నాడు ఐదుగురు లోవరాజులూ, ఐదుగురి ఇల్లాళ్లూ నూకరత్నం అరుగు మీద కూచున్నారు. డాబా లోవరాజు కొత్త గది పునాది నింపడానికి తుని నుంచి ట్రాక్టరు మాట్లాడుకున్నాడు, అది మానేసి ట్రాక్టరు లోవరాజుకే చెప్పాడు. మేకల లోవరాజు తన మేకల ఎరువు జీడితోటలకి తోలించే కిరాయి కూడా అతనికే ఇచ్చాడు. పొడుగు లోవరాజు గ్యాసు సిలిండర్లు బండి మీద మోసే బేరం అతనికి కుదిర్చాడు. మైకు లోవరాజు ఊళ్లో ఎవరికి ట్రాక్టరు కావాలన్నా పిలవండంటూ పొద్దుటా సాయంత్రం ఉచితంగా చాటాడు. రెండు నెలల్లో నాలుగు బకాయిలూ తీరిపోయాయి. తీర్చిన రోజున ట్రాక్టరు లోవరాజు రసీదు పట్టుకొచ్చి మైకు లోవరాజు చేతిలో పెట్టి, "భోజనం చేశావేటిరా" అన్నాడు.

అక్కడితో ఆగితే అది మైకు లోవరాజు కథ కాదు. ప్రతి నెలా ఐదో తారీకు తెల్లారగానే కొబ్బరిచెట్టుకి కట్టిన బాకా గరగరమనేది.

"హలో, హలో. ఒకటి, రెండు, మూడు. అడిగర్ల లోవరాజుకి విజ్ఞప్తి. ఈ రోజు తమరి మేకల వాయిదా. మధ్యాన్నంలోపు కట్టవలసిందిగా తమరినే కోరుతున్నాం. కట్టకపోతే తమరి పరువు, తమరి పరువుతో పాటు తమరి మిగతా నలుగురి పరువు కూడా పోతుంది."

మేకల లోవరాజు పళ్లు తోముకుంటూనే పరిగెత్తేవాడు. స్కోరు పెరగడం మొదలైంది. నాలుగు వందల డెబ్భై. ఐదు వందల అరవై. టీ బడ్డీ దగ్గర క్రికెట్ స్కోరు మాని లోవరాజు స్కోరు అడగడం మొదలెట్టారు. ఆరు వందల ముప్ఫై దాటిన రోజున పొడుగు లోవరాజు బీడీ మానేశాడు. ఎందుకురా అంటే, "నేను మానేస్తే మీకు ఆరోగ్యం కదా" అన్నాడు. డాబా లోవరాజు తన భార్యని కసరబోయి, మిగతా నలుగురికి చెడ్డపేరొస్తుందని నోరు నొక్కుకున్నాడు. ఐదుగురు ఆడవాళ్లూ దర్పణం సంస్థ చల్లగా ఉండాలని తలుపులమ్మ తల్లికి మళ్లీ మొక్కుకున్నారు.

కార్తీకం వెళ్లేసరికి స్కోరు ఏడు వందల ఎనభై ఒకటి. విశ్వంభరం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన అలా లేవడం పై అధికారి వచ్చినప్పుడే చూశామని గుమాస్తాలు చెప్పారు.

"ఎనిమిది మాసాలలో ఇంతటి పునరుత్థానం! లోవరాజు గారూ, మా ప్రధాన కార్యాలయం ఈ ఏడాది 'పరపతి మరమ్మత్తు మహోద్యమం' నడుపుతోంది. జిల్లాకొక ఆదర్శ రుణగ్రహీతను సన్మానించమన్నారు. ఆ సన్మానం తమరికే. తమరి రెండు లక్షల రుణపత్రం కూడా అదే వేదిక మీద అందజేస్తాం."

"ఇవాళే ఇచ్చెయ్యకూడదాండి?"

"ఫొటో ఉండదు కదండీ."

సన్మానం మార్గశిరంలో, చింతలోవ బడి ఆవరణలో. మైకు ఎవరిదో చెప్పక్కర్లేదు. హైదరాబాదు నుంచి బ్యాంకు ప్రాంతీయ మహాప్రబంధకులు, అంటే విశ్వంభరం గారి పై మేనేజరు, వచ్చారు. ఊరంతా వచ్చింది. మహాప్రబంధకులు ముప్పావుగంట మాట్లాడారు. "పరపతి లేని మనిషి మనిషే కాడు. పరపతి గల మనిషి ఒక్కడైనా వందమందితో సమానం" అని ముగించి, శాలువా చేతిలోకి తీసుకుని పిలిచారు: "శ్రీ అడిగర్ల లోవరాజు గారు!"

ఐదుగురు లేచారు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, ఆంప్లిఫయరు దగ్గర్నుంచి ఒకడూ, ముందు వరసలోంచి నలుగురూ వేదిక ఎక్కారు.

"వీరు...?" అన్నారు మహాప్రబంధకులు.

"లోవరాజండి," అన్నారు ఐదుగురూ.

"శాలువా ఒక్కటే ఉంది."

"పర్లేదండి, కప్పేయండి. మేం సర్దుకుంటాం," అన్నాడు మేకల లోవరాజు.

ఇంక సర్పంచి గారు కలగజేసుకుని హెడ్మాస్టరు టీ దగ్గర్నుంచి ట్రాక్టరు ఫోను దాకా మొత్తం చెప్పక తప్పలేదు. మైకు తెరిచే ఉంది కాబట్టి పక్క ఊరు కూడా విన్నది. మహాప్రబంధకుల ముఖం ఎర్రబడింది. "ఘోరం! ఐదుగురు పౌరులను ఒక్కరిగా లెక్కించుటా! ఇరవై నాలుగు గంటలలో దర్పణం వారు దీనిని సరిచేయవలెను. ఇది నా ఆజ్ఞ!" జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు మైకు లోవరాజు. రుణపత్రం మాత్రం, సరిచేశాకే ఇవ్వాలని, విశ్వంభరం గారు మళ్లీ సంచిలో పెట్టేసుకున్నారు.

దర్పణం వారు సరిచేశారు. ఒక్క రోజులో. మర్నాడు లోవరాజు బ్యాంకుకి ఇంచుమించు పరిగెత్తుతూ వెళ్లాడు.

"అభినందనలు," అన్నారు విశ్వంభరం గారు. "తమరి పేరు మీద ట్రాక్టరు లేదు. మేకలు లేవు. డాబా లేదు."

"ఏడాదై నేను చెప్పేది అదేనండి!"

"స్కోరు కూడా లేదు. మైనస్ ఒకటి."

"మైనస్సా?"

"అనగా తమరు పరపతి రీత్యా ఇంకా జన్మించలేదు."

"నలభయ్యారో ఏడండి నాకు!"

"పుట్టిన తేదీ ఉన్నది. పుట్టుక లేదు." ఆయన నిబంధనల పుస్తకం తిప్పారు. ఆయనకీ బాధగానే ఉంది, కాని పుస్తకం చేతిలో ఉన్నప్పుడు ఆయన బాధని పక్కన పెడతారు. "పద్నాలుగో నిబంధన. ఇంతకు మునుపు ఒక అప్పును సక్రమంగా తీర్చినవారికి మాత్రమే మొదటి అప్పు ఇవ్వవలెను."

 లోవరాజు ఆ పుస్తకం వంక చూసి, చొక్కా చేతితో మొహం తుడుచుకుని వచ్చేశాడు. మాఘం ఇంక నలభై రోజులుంది.

అడిగర్ల వారి వీధిలో మిగతా వాళ్ల పరిస్థితీ అంతంతమాత్రమే. ట్రాక్టరు లోవరాజు విడిగా ఐదు వందల తొంభైకి దిగిపోయాడు. డాబా లోవరాజుకి ఎనిమిది వందలున్నాయి గాని అతను కూడా దిగాలుగా ఉన్నాడు. "నా కాగితం ఒక్క పేజీయే వచ్చిందిరా. చూస్తంటే పెళ్లయిపోయిన ఇల్లులాగుంది," అన్నాడు.

నూకరత్నం లోపలికి వెళ్లి, రేషన్ కార్డు దాచే ప్లాస్టిక్ కవరు తెచ్చి, అందులోంచి పాత ఉత్తరం తీసింది. ప్రతి ఉత్తరం భద్రపరచమన్న మేనేజరు గారి మాట ఆ ఇంట్లో విన్నది ఆవిడే.

"మావా, ఇందులో ఏటి రాశారు? ట్రాక్టరు అప్పు నీదేనని నువ్వు సంతోషంగా ఒప్పుకున్నావనా కాదా?"

"అది వాళ్ల తప్పు కదే."

"వాళ్లు తప్పని ఎక్కడైనా రాశారా? నిన్న సరిచేసిన దాంట్లో కూడా 'సవరణ' అన్నారు గాని తప్పు అన్లేదు. వెళ్లి అభ్యంతరం పెట్టు."

రెండో అభ్యంతరం ఐదుగురూ కూచుని రాశారు. ఫారంలో ఆ ఒక్క గీత చోటుకి సరిపోయేలా మూడుసార్లు దిద్దారు: "ట్రాక్టరు నాదే. మేకలు నావే. నా అప్పులు నాకు ఇప్పించండి." వెనక పాత ఉత్తరం జిరాక్సు జతచేశారు. ఈసారి ఫోను నంబరు గడిలో మైకు లోవరాజు తన నంబరే రాశాడు.

ఇరవై రోజులకి ఫోను వచ్చింది. హైమవతి గారు స్వయంగా చేశారు. లోవరాజు అందరూ వినాలని ఫోను తీసుకెళ్లి మైకు ముందు పెట్టాడు. అదొక్కటే అతనికి చేతనయిన పద్ధతి.

"లోవరాజు గారూ, తమరి మొదటి అభ్యంతరం ప్రకారం అప్పులు తమవి కావు. రెండో అభ్యంతరం ప్రకారం తమవే. ఏది సత్యం?"

"మీ ఉత్తరమే సత్యమండి. నేను సంతోషంగా ఒప్పుకున్నానని మీరే రాశారు. అందులో తప్పుంటే చెప్పండి, మానేస్తాను."

కొబ్బరిచెట్టు మీది బాకాలోంచి కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. 

"మా ఉత్తరాలలో తప్పులుండవు," అన్నారు హైమవతి గారు నెమ్మదిగా. "ఉండినట్లు అంగీకరిస్తే దేశమంతటా... అది కుదరదు. అంటే తమరి అంగీకారం చెల్లుతుంది. అది చెల్లినచో సవరణ చెల్లదు. అయినా నియమం ప్రకారం మరొక్కసారి అడగాలి. ట్రాక్టరు రుణం తమరేనా తీసుకున్నది?"

లోవరాజు చుట్టూ చూశాడు. అరుగు మీద నలుగురూ ముందుకు వంగి ఉన్నారు.

"ఆయ్!" అన్నారు ఐదుగురూ ఒక్క గొంతుతో.

"ధన్యవాదాలు. తమ గొంతు చాలా దృఢంగా ఉంది," అన్నారావిడ. కాస్త ఆగి, "భోజనం చేశారా?" అని కూడా అడిగారు.

స్కోరు మళ్లీ ఏడు వందల ఎనభై ఒకటి అయింది. విశ్వంభరం గారు రెండోసారి చూడకుండా, కళ్లు గట్టిగా మూసుకుని సంతకం పెట్టేశారు. మాఘం మొదటి శుక్రవారం నాడు ట్రాక్టరు లోవరాజు బండిలో నాలుగు నల్ల బాక్సులు చింతలోవలోకి దిగాయి. పొడుగు లోవరాజు కొబ్బరికాయ కొట్టాడు. సర్పంచి గారి అమ్మాయి పెళ్లిలో ఆ మోతకి మేకల లోవరాజు మేకలు రెండు పక్క ఊరికి పారిపోయాయి, మర్నాడు ఐదుగురూ వెళ్లి పట్టుకొచ్చారు. చక్రి కూడా ఆ పెళ్లికి భోజనానికొచ్చాడు. వైర్ల సంగతి ఎత్తలేదు.

మరుసటి నెల ఐదో తారీకున ఎప్పటిలాగే తెల్లారగానే లోవరాజు మైకు ముందు కూచున్నాడు. నూకరత్నం చీటీ అందించింది. అలవాటు కొద్దీ చదవడం మొదలెట్టాడు.

"హలో, హలో. అడిగర్ల లోవరాజుకి విజ్ఞప్తి. ఈ రోజు తమరి సౌండు బాక్సుల వాయిదా..."

అక్కడ ఆగిపోయాడు. నలభయ్యారేళ్ల జీవితంలో మొదటిసారి అది అతని సొంత అప్పు. 

అతను నోరు తెరిచేలోపే నాలుగు ఇళ్లలోంచి నాలుగు గొంతులు వినిపించాయి.

"ఆయ్! వస్తున్నా!"